కల్చర్ రిపోర్ట్ సంగతి తర్వాత, ముందు స్టెంట్ డేట్ చూడండమ్మా

విజయవాడ కృష్ణలంక నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దగా ఉంది, కాస్త కుదించి పెడుతున్నా.

"డాక్టర్ గారూ, మా అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ ఉంది. సంక్రాంతి అయిన వారానికి కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా వణికిపోతా జ్వరం వచ్చింది. కామెర్లేనని అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పసరు మందు తాగించారు. మూడో రోజుకి మాట తడబడుతుంటే భయపడి సూర్యారావుపేటలో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. బైల్ డక్ట్‌లో (పైత్యనాళంలో) రాయి అడ్డుపడిందని ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి పైపు పోనిచ్చి, రాయి తీసి, దారి మూసుకుపోకుండా ప్లాస్టిక్ స్టెంట్ (సన్నటి గొట్టం) పెట్టారు. గాల్ బ్లాడర్‌లో ఇంకా రాళ్ళున్నాయి, ఆరు వారాల్లో రండి, స్టెంట్ తీసి ఆపరేషన్ సంగతి చూద్దాం అన్నారు. ఇప్పటికి మూడు నెలలు కావస్తోంది. అమ్మ బాగానే ఉంది, తింటోంది, అందుకని ఇంట్లోవాళ్ళు పిల్లల పరీక్షలు, ఆవకాయ పనులు అయ్యాక చూద్దాంలే అంటున్నారు. మొన్న ఫైల్ సర్దుతుంటే పైత్యరసం కల్చర్ రిపోర్ట్ (అందులో ఏ క్రిములు పెరుగుతాయో చూసే పరీక్ష) కనపడింది, ఈ కోలి, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగాయని ఉంది. నెట్‌లో వెతికితే బైల్ డక్ట్‌లో బ్యాక్టీరియా ఉంటే క్యాన్సర్ అని రాశారు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఇది క్యాన్సర్ అవుద్దా? ఇంట్లో పిల్లలున్నారు, అంటుకుంటుందా, కంచం గ్లాసు వేరు పెట్టాలా? మళ్ళీ యాంటీబయాటిక్ కోర్సు వాడాలా? మా ఆడపడుచు ఆలివ్ ఆయిల్‌లో నిమ్మరసం కలిపి తాగితే రాళ్ళు పడిపోతాయని వీడియో పంపింది, అది నిజమేనా? అమ్మేమో కొరమేను పులుసు ఎప్పుడు పెడతారని రోజూ అడుగుతోంది."

అమ్మా, మీరు అడిగినవన్నీ వరసగా చెప్తాను గానీ, మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ఆ ఈ కోలి, క్లెబ్సియెల్లా కాదు. "ఆరు వారాల్లో రమ్మన్నారు, మూడు నెలలు కావస్తోంది" అని మధ్యలో ఓ ముక్క రాసి దాటేశారు చూశారా, అదీ. ఈ సమాధానం పూర్తిగా చదవకపోయినా పర్లేదు, రేపు పొద్దున ఆ హాస్పిటల్‌కి ఫోన్ చేసి ఈ వారంలోనే స్టెంట్ తీయించే డేట్ తీసుకోండి. ఆవకాయ పక్కింటి పిన్ని గారు కలుపుతారు, ఈ ఏడు కాకపోతే ఓ జాడీ కొనుక్కోవచ్చు.

ఎందుకింత తొందరంటున్నానో అర్థం కావాలంటే అసలు లోపల ఏం జరిగిందో తెలియాలి. మీది కృష్ణలంక కాబట్టి ఇది చెప్పడం నాకు తేలిక. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క బందరు కాలువ. నీళ్ళు వదిలినన్నాళ్ళు కాలువ ఎట్టుంటదో, ఎండాకాలంలో కాలువ కట్టేశాక ఎట్టుంటదో మీరు రోజూ చూసేదే కదా. నీళ్ళు పారుతున్నప్పుడు అందులో ఎంత చెత్త పడేసినా కొట్టుకుపోద్ది, ఆగిందంటే వారంలో పాచి, దోమలు, గుర్రపు డెక్క, ముక్కు మూసుకుని వంతెన దాటాలి. బైల్ డక్ట్ కూడా ఓ కాలువే. లివర్ రోజుకి ముప్పావు లీటరు దాకా పైత్యరసం తయారుచేసి ఈ కాలువలోకి వదిలిద్ది, కాలువ వెడల్పు మామూలుగా ఆరు మిల్లీమీటర్లు, అది పోయి చిన్నపేగు మొదట్లో కలుస్తుంది. కలిసే చోట ఓ కండరం గేటులా ఉంటది. దాని గురించి 1887లో ఇటలీలో ఒడ్డి అనే కుర్రాడు రాశాడు, అప్పటికి ఇంకా మెడిసిన్ చదువుతూనే ఉన్నాడు, ఇప్పటికీ ఆ గేటుకి ఆయన పేరే. తిండి వచ్చినప్పుడు తెరుచుకుని పైత్యం వదలడం, తర్వాత మూసుకోవడం దాని పని. ఆ గేటుకి అవతల పేగు, పేగు నిండా క్రిములు, ఇవతల శుభ్రమైన కాలువ.

అవతలున్న క్రిములు ఇవతలకి ఎక్కకపోవడానికి గేటు ఒక్కటే కారణం కాదు. పైనుంచి ధార ఆగకుండా వస్తుంది, పైకి ఎక్కబోయినవాటిని కిందకి తోసేస్తది. పైగా పైత్యరసం సబ్బునీళ్ళ లాంటిది, చాలా రకాల క్రిములకి అది పడదు. నాళం గోడలకి జిగురు పొర ఉంటది, ఆ జిగురులో యాంటీబాడీలుంటాయి. అందుకే ఏ జబ్బూ లేని మనిషి పైత్యరసం తీసి కల్చర్ పెడితే సాధారణంగా ఏమీ పెరగదు, మేం చదువుకున్నప్పుడు అది పూర్తి స్టెరైల్ అనే చెప్పేవాళ్ళు. ఇప్పుడు డీఎన్ఏ పద్ధతులొచ్చాక బాగున్నవాళ్ళ పైత్యంలో కూడా కొద్దో గొప్పో బ్యాక్టీరియా ఆనవాళ్ళు దొరుకుతున్నాయి. అవి నిజంగా అక్కడ కాపురం ఉండేవా, లేక శాంపిల్ తీసేటప్పుడు నోటి నుంచి, పేగు నుంచి పైపుతో పాటు వచ్చినవా అని సైంటిస్టులు ఇంకా తగువులాడుకుంటున్నారు. నా మటుకు నాకు ఆ తగువు సబబే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ రసం ఎక్కువగా నోట్లోంచి పేగు దాకా పైపు పోనిచ్చే తీస్తారు, మురుక్కాలువ దాటి వచ్చినోడి కాళ్ళకి బురద ఉంటే అది వాళ్ళింటిదా దారిదా అంటే ఏం చెప్తాం.

సరే, మీ అమ్మగారి విషయానికొద్దాం. గాల్ బ్లాడర్‌లోంచి ఓ రాయి జారి ఈ కాలువలో అడ్డం పడింది. ధార ఆగింది. పేగులోంచి గేటు దాటి ఎక్కినవో, పేగు నుంచి రక్తంలో పడి లివర్ మీదుగా వచ్చినవో, నాలుగు క్రిములు చేరాయి, నిలవ ఉన్న పైత్యంలో పెరిగాయి. ఇక్కడిదాకా కూడా ప్రాణం మీదకి రాదు. అసలు చిక్కు ప్రెషర్‌తో వస్తుంది. లివర్ పైనుంచి తోస్తానే ఉంటది, కింద దారి లేదు, నాళంలో ఒత్తిడి 20, 25 సెంటీమీటర్ల నీటి ఎత్తు దాటిందంటే లోపలున్న క్రిములు, వాటి విషాలు వెనక్కి తన్ని రక్తంలో కలుస్తాయి. దుప్పటి మీద దుప్పటి కప్పినా మంచం ఊగిపోయేంత వణుకు వచ్చింది చూశారా, అది ఆ క్షణం. జ్వరం వణుకు, కామెర్లు, కుడి డొక్కలో నొప్పి, ఈ మూడూ కలిస్తే పైత్యనాళంలో ఇన్ఫెక్షన్ అనుకోమని ఫ్రాన్సులో షార్కో అనే ఆయన 1877లోనే చెప్పాడు. దానికి మాట తడబడటం, మనిషి మగతగా అయిపోవడం, బీపీ పడిపోవడం కలిస్తే ఇంకా ప్రమాదం అని 1959లో రేనాల్డ్స్ అనే సర్జన్ చేర్చాడు. మీ అమ్మగారికి మూడో రోజు మాట తడబడింది అన్నారు. అంటే మీరు హాస్పిటల్ మెట్లెక్కేసరికి సంగతి దాదాపు అక్కడికి వచ్చేసింది. మీరు భయపడ్డం మంచిదైంది.

పసరు మందు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. కామెర్లంటే అన్నీ ఒకటే అనుకోవడం మనవాళ్ళకి పెద్ద అలవాటు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, ఆ తగ్గే రోజుల్లో పసరు తాగితే పేరు పసరుకి పోద్ది, చేతికి వాత పెడితే పేరు వాతకి పోద్ది. రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లకి నేల ఉసిరి పసరు గిన్నెడు తాగినా రాయి కదలదు, మూడు రోజులు మటుకు కరిగిపోతాయి. అమ్మమ్మ గారిని తిట్టొద్దు, ఆవిడ ప్రేమతోనే చేశారు. కానీ ఈసారి కళ్ళు పచ్చబడితే ఆ ఊరి బస్సెక్కొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇప్పుడు కల్చర్ రిపోర్ట్. ఈ కోలి, క్లెబ్సియెల్లా, ఎంటెరోకాకస్, ఇవీ పైత్యంలో ఎక్కువగా దొరికే పేర్లు, ఏ ఊరి ల్యాబ్‌లో చూసినా ఇవే. ఇవేవీ బయటి నుంచి వచ్చిన దొంగలు కాదు, మీ పేగులో నా పేగులో కూడా ఉండేవే, ఉండకూడని చోటుకి ఎక్కాయంతే. ఆ రోజు జ్వరం, కామెర్లు ఉన్నాయి కాబట్టి ఆ క్రిములకి అర్థం ఉంది, మందు పడింది, దారి తెరిచారు, మామూలుగా దారి తెరిచాక నాలుగు నుంచి ఏడు రోజుల మందు సరిపోద్ది. ఇప్పుడు మళ్ళీ కల్చర్ చేయించామనుకోండి, దాదాపు ఖాయంగా ఏదో ఒకటి పెరిగిద్ది! స్టెంట్ లోపల ఉన్నంతకాలం అది పేగులోంచి నాళంలోకి వేసిన వంతెన, క్రిములు దర్జాగా నడిచి వెళ్తాయి. అదీగాక రాయి తీసేటప్పుడు ఆ ఒడ్డి గేటుని మామూలుగా కొద్దిగా కోస్తారు, 1974 నుంచి చేస్తున్న పద్ధతే ఇది, దాని వల్ల పొట్ట కోయకుండానే రాళ్ళు తీయగలుగుతున్నారు, కానీ కోసిన గేటు మునుపట్లా గట్టిగా మూసుకోదు. అట్లాంటివాళ్ళ పైత్యంలో క్రిములు ఏళ్ళ తరబడి ఉంటాయి, వాళ్ళు పొలం పనులు చేసుకుంటా, మనవళ్ళని ఎత్తుకుంటా హాయిగానే ఉంటారు. కాబట్టి జ్వరం లేకుండా కాగితం మీది పేరుకి యాంటీబయాటిక్ వాడొద్దు. మెడికల్ షాపులో ఆ స్ట్రిప్ చూపించి ఇంకో కోర్సు తెచ్చుకోవడం అస్సలు వద్దు, అనవసరంగా వాడితే మొండి రకాలు మిగుల్తాయి, రేపు నిజంగా అవసరమొచ్చిన రోజు మందు పనిచేయదు.

ఆ రిపోర్ట్ పారేయొద్దు మాత్రం. అందులో మందుల పేర్ల పక్కన ఎస్ అని, ఆర్ అని అక్షరాలుంటాయి, ఎస్ అంటే ఆ మందుకి క్రిమి లొంగుద్ది, ఆర్ అంటే లొంగదు. ఇంకోసారి అర్ధరాత్రి వణుకుతో తీసుకెళ్ళాల్సి వస్తే డ్యూటీ డాక్టర్‌కి ఆ కాగితం బంగారం. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

స్టెంట్ గురించి మా ఇంట్లో జరిగిందే చెప్తాను, నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటది. మా బాబాయి తెనాలిలో ఉండేవాడు, ఆయనకీ మీ అమ్మగారికి జరిగిందే జరిగి గుంటూరులో ఒక హాస్పిటల్‌లో స్టెంట్ వేశారు. డిశ్చార్జి కాగితంలో మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాశారు స్టెంట్ తీయించుకోవాలని, నోటితో ఎవరూ చెప్పలేదట, తర్వాత ఫోన్ కూడా రాలేదు. ఫైల్ పిన్ని బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. ఇంట్లో డాక్టర్ నేనున్నాను కదా, ఎలా ఉన్నావ్ బాబాయ్ అంటే కులాసా రా అన్నాడు, నేనూ ఫైల్ అడగలేదు. ఏడాదిన్నర తర్వాత ఓ రాత్రి పిన్ని ఫోన్, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయిరా అని. తెల్లారేసరికి గుంటూరు తీసుకొచ్చాం. తీసిన స్టెంట్‌ని ఎండోస్కోపీ చేసినాయన గాజు గుడ్డ మీద పెట్టి చూపించాడు. పెట్టినప్పుడు అది తళతళలాడే ప్లాస్టిక్ గొట్టం, సుమారుగా బాల్‌పెన్ రీఫిల్ అంత ఉంటది, మూడు మిల్లీమీటర్ల మందం. ఇప్పుడది నల్లగా, పెళుసుగా అయిపోయి ఓ చివర విరిగింది. బ్లేడుతో నిలువునా చీలిస్తే లోపల రవ్వంత ఖాళీ లేదు, ముదురు గోధుమరంగు బురద గట్టిపడి, గోరుతో గీకితే తడిసిన మట్టిబెడ్డలా పొడి రాలింది. వాసన చెప్పను, మీరు భోజనం చేస్తా చదువుతుండొచ్చు.

ఆ బురద ఎలా తయారవుద్దో తెలిస్తే బ్యాక్టీరియా చేసే అసలు నిర్వాకం అర్థమవుద్ది. ప్లాస్టిక్ పెట్టిన కొద్ది రోజుల్లోనే క్రిములు దాని లోపలి గోడకి అతుక్కుని జిగురు లాంటి పొర అల్లుకుంటాయి, బకెట్ కడక్కపోతే అడుగున చేతికి జారే పాచి పడుద్ది కదా, సరిగ్గా అదే. ఆ పొరలో దూరిన క్రిమి దగ్గరికి యాంటీబయాటిక్ సరిగ్గా చేరదు. తర్వాత వాటి దగ్గరున్న ఎంజైములు పని మొదలుపెడతాయి. లివర్ చాలా కష్టపడి బిలిరుబిన్ అనే పసుపు రంగుకి ఓ జత కలిపి నీళ్ళలో కరిగేట్టు చేసి పంపుద్ది, ఈ కోలి లాంటివి ఆ జతని విడగొట్టేస్తాయి, విడిపోయిన బిలిరుబిన్ కాల్షియంతో కలిసి అడుగున దిగిపోద్ది. జపాన్‌లో మాకి అనే సర్జన్ 1966లో ఈ సంగతి వివరంగా రాశాడు. బైల్ డక్ట్‌లోనే పుట్టే గోధుమరంగు రాళ్ళు ఎక్కువగా ఇలా తయారైనవే, చేత్తో నలిపితే నలిగిపోయేంత మెత్తగా ఉంటాయి, మైక్రోస్కోప్ కింద చూస్తే పొరల మధ్య క్రిముల ఆనవాళ్ళు కనపడతాయి. గాల్ బ్లాడర్‌లో కొలెస్టరాల్‌తో పుట్టే రాళ్ళ పుట్టుక వేరు, అన్నిటికీ బ్యాక్టీరియానే కారణం అనుకోవద్దు. కానీ ఒకసారి రాయి అడ్డుపడితే క్రిములు చేరతాయి, క్రిములు చేరితే కొత్త రాళ్ళు పుడతాయి, ఎవరు ముందు ఎవరు వెనక అని విడదీయలేం. అందుకే ప్లాస్టిక్ స్టెంట్‌కి మామూలుగా మూడు నెలలే ఆయుష్షు అంటారు, ఆ లోపు తీయాలి లేదా మార్చాలి. మీ అమ్మగారు బాగున్నారంటే స్టెంట్ ఇంకా పూర్తిగా మూసుకుపోలేదనో, పక్కనుంచి పైత్యం జారుతోందనో అర్థం, అంతే గానీ ఇంక అక్కర్లేదని కాదు. మూసుకుపోయిన రోజు కబురు పెట్టి మూసుకోదు.

క్యాన్సర్ భయానికొద్దాం. నెట్‌లో మీరు చదివింది పూర్తి అబద్ధం కాదు, మీ అమ్మగారికి వర్తించదు. పైత్య నాళాలకీ, గాల్ బ్లాడర్‌కీ వచ్చే క్యాన్సర్‌కీ సూక్ష్మజీవులకీ సంబంధం ఉందని బాగా తెలిసిన సందర్భాలు కొన్నున్నాయి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం బ్యాక్టీరియాది కాదు, ఓ చిన్న ఆకు ఆకారం పురుగుది. ఈశాన్య థాయిలాండ్‌లో మంచినీటి చేపల్ని పచ్చిగా నూరి తినే అలవాటు, ఆ చేపల్లోని పురుగు మనిషి పైత్యనాళంలో చేరి ఏళ్ళ తరబడి కాపురం పెడుద్ది, ఆ ప్రాంతంలో పైత్యనాళం క్యాన్సర్ విపరీతంగా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే ఆ పురుగుని ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో వేసింది. చైనా, కొరియా వైపు ఉండే దాని అన్నదమ్ముడిని 2009లో వేసింది. రెండోది టైఫాయిడ్ క్రిమి. టైఫాయిడ్ తగ్గాక వందలో కొద్దిమందిలో అది గాల్ బ్లాడర్‌లో, ముఖ్యంగా రాళ్ళ మీద పాచిలా అతుక్కుని ఏళ్ళ పాటు ఉండిపోద్ది, అట్లాంటివాళ్ళలో గాల్ బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువ కనపడింది. మన దేశంలో ఆ క్యాన్సర్ గంగానది మైదానం వైపు బాగా ఎక్కువ, మన దక్షిణాదిలో తక్కువ. ఇంక పెద్దపేగు పుండ్ల జబ్బుతో పాటు వచ్చే ఒక నాళాల జబ్బు ఉంది, నాళాలు గొలుసులా ముడులు పడి ఇరుకైపోతాయి, దానిలో పేగు క్రిముల పాత్ర మీద చాలా పరిశోధన జరుగుతోంది, వాళ్ళలో క్యాన్సర్ రిస్క్ ఉంది గానీ అది అరుదైన జబ్బు.

ఈ అన్నిటిలో కామన్‌గా ఉన్నది ఏళ్ళ తరబడి ఆరని వాపు. గోడ పుండుపడటం, మానటం, మళ్ళీ పుండుపడటం, అలా పదేళ్ళు ఇరవయ్యేళ్ళు. మీ అమ్మగారికి వచ్చింది ఒక ఎటాక్, కారణం కళ్ళ ముందు కనపడింది, రాయి తీసేశారు. ఆ కల్చర్ కాగితం చూసి క్యాన్సర్ అనుకోవడానికి ఏమీ లేదు. నేను క్యాన్సర్ కోసం వెతికేది వేరే రకం మనుషుల్లో. నొప్పి లేకుండా మెల్లగా కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా దురదలు, తెల్లటి మలం, బట్టలు వదులైపోయేంతగా సన్నబడటం, స్కాన్‌లో రాయి లేకుండా నాళం ఇరుకు, అట్లాంటప్పుడు. మీ మనసు కుదుటపడాలంటే గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయ్యాక తీసిన దాన్ని బయాప్సీకి పంపించారా అని సర్జన్‌ని అడగండి, మామూలుగా పంపుతారు, రిపోర్ట్ తీసుకునేది మటుకు మనమే మర్చిపోతాం.

అంటుకోవడం మాట. అంటుకోదు, కంచం వేరు పెట్టొద్దు, పెడితే ఆవిడ మనసు కష్టపడుద్ది, దానికి మందు లేదు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోమనండి. ఇందాక చెప్పిన టైఫాయిడ్ క్రిమి ఒక్కటే దీనికి మినహాయింపు, మీ రిపోర్ట్‌లో అది లేదు. దాని గురించి ఓ కథ ఉంది. న్యూయార్క్‌లో మేరీ మలన్ అని వంటావిడ, తనకి ఏ జబ్బూ లేదు, వండిపెట్టిన ఇళ్ళల్లో మాత్రం టైఫాయిడ్. 1907లో పట్టుకుని ఓ దీవిలో పెట్టారు, గాల్ బ్లాడర్ తీయించుకో వదిలేస్తాం అంటే ఒప్పుకోలేదు, ఆ రోజుల్లో ఆ ఆపరేషన్ అంటే చావుతో చెలగాటమే కాబట్టి నేనైతే ఆవిడని తప్పు పట్టను. మూడేళ్ళకి వంట చేయనని మాట తీసుకుని వదిలితే పేరు మార్చుకుని మళ్ళీ వంటకి చేరింది, 1915లో మళ్ళీ పట్టుకున్నారు, 1938లో అక్కడే పోయింది. ఇప్పుడు మందులున్నాయి, ఆ ఆపరేషన్‌కి బొడ్డు దగ్గరో చిన్న రంధ్రం, పైన మూడు రంధ్రాలు, చాలామంది ఒకట్రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తున్నారు.

ఆ ఆపరేషన్ కూడా వాయిదా వేయొద్దు అని ఇక్కడే చెప్తున్నా. రాళ్ళ సంచి అక్కడే ఉంచి నాళం ఒక్కటి శుభ్రం చేస్తే సగం పనే అయినట్టు. అందులోంచి ఇంకో రాయి జారడానికి ముహూర్తం అక్కర్లేదు. గాల్ బ్లాడర్ తీసేస్తే అరగదేమో అంటారు, పైత్యం తయారుచేసేది లివర్, సంచి దాచిపెట్టేది మాత్రమే, కొన్నాళ్ళు నూనె వస్తువులు ఎక్కువ తింటే కాస్త విరేచనాలవుతాయి, తర్వాత ఒళ్ళు అలవాటు పడుద్ది.

మీ ఆడపడుచు గారి వీడియో. అది తాగిన మర్నాడు ఆకుపచ్చటి ఉండలు పడటం నిజమే, చూసి మనుషులు మురిసిపోతారు. ల్యాబ్‌లో పరీక్ష చేస్తే అవి రాళ్ళు కాదు, తాగిన నూనె, నిమ్మరసం కడుపులో కలిసి కట్టిన సబ్బు ఉండలు. ఇంకో మాట, అంత నూనె ఒక్కసారి తాగితే గాల్ బ్లాడర్ గట్టిగా ముడుచుకుని ఉన్న రాయిని నాళంలోకి నెట్టే ప్రమాదం ఉంది, అంటే జనవరిలో జరిగింది మళ్ళీ మన చేతులతో మనమే చేసుకున్నట్టు. ఆవిడతో గొడవ పడొద్దు, డాక్టర్ వద్దన్నాడని నా మీదకి నెట్టేయండి.

వెళ్ళేటప్పుడు ఫైల్ మొత్తం పట్టుకెళ్ళండి, ఈఆర్‌సీపీ రిపోర్ట్ ముఖ్యం, అందులో స్టెంట్ సైజు, గేటు కోశారా లేదా ఉంటది. అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే షుగర్ మాత్రలు ఆ రోజు పొద్దున వేయాలా ఆపాలా, గుండెకని రక్తం పల్చబడే మాత్రలేమన్నా వాడుతుంటే ఏం చేయాలి అని అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. పరగడుపున రమ్మంటారు. స్టెంట్ తీయడం చాలా వరకు నిమిషాల పని, దాంతో పాటు నాళంలో రాళ్ళేమన్నా మిగిలాయేమో కూడా చూడమనండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కార్డుంటే హాస్పిటల్‌లో దాని హెల్ప్ డెస్క్ ఉంటది, ఏది కవర్ అవుద్దో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

ఈలోపు వణుకుతో జ్వరం వచ్చినా, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, కళ్ళు పచ్చగా అనిపించినా అపాయింట్‌మెంట్ డేట్ దాకా ఆగొద్దు, అప్పటికప్పుడు క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి, స్టెంట్ ఉందని మొదటి మాటగా చెప్పండి. షుగర్ ఉన్నవాళ్ళల్లో, పెద్దవాళ్ళల్లో ఒక్కోసారి జ్వరం రాదు, నొప్పీ తెలియదు, మనిషి ముద్ద ముట్టకుండా మగతగా పడుకుంటుంది, పేరు పెట్టి పిలిస్తే ఆలస్యంగా పలుకుద్ది. అది చూసి నీరసంలే అనుకుని గ్లూకోజ్ నీళ్ళు పట్టొద్దు.

ఇంక కొరమేను. థాయిలాండ్ కథ చెప్పానని అమ్మగారి కూర ఆపేయకండి పాపం. ఆ పురుగు పచ్చి చేపలోనే బతికుంటది, మన పులుసు చింతపండు రసంలో కుతకుతా ఉడికాక అందులో ఏ పురుగూ మిగలదు. స్టెంట్ తీసి ఇంటికొచ్చాక డాక్టర్ మామూలు తిండి పెట్టమన్న రోజునే పెట్టండి, నూనె పైన తేలేట్టు కాకుండా, కారం కాస్త తగ్గించి. గుంటూరోణ్ణయ్యుండి కారం తగ్గించమంటున్నానంటే అర్థం చేసుకోండి.